కుంగ్‌ఫూలో చేరేముందు పాత శిష్యుల మోకాళ్లు చూడండి

మీరు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. మీ వయసు 34. ఇల్లు మన విశాఖపట్నం కూర్మన్నపాలెంలో, పని పరవాడ ఫార్మా సిటీలో, షిఫ్టు డ్యూటీ. బరువు 82 కిలోలు. రెండేళ్ల కిందట కుడి మోకాలు నొప్పి చేసి తగ్గింది. చిన్నప్పటి నుంచి కుంగ్‌ఫూ అంటే ప్రాణం, ఇప్పటికి కుదిరింది. ఈ వయసులో ఒళ్లు వంగుతుందా, ఏ శైలి మంచిది, ఎలాంటి చోట చేరాలి, తొమ్మిదేళ్ల అమ్మాయిని కూడా తీసుకెళ్లవచ్చా అని అడిగారు.

వంగుతుందండీ. నేను మొదలుపెట్టింది 31 ఏళ్లకి. అప్పటికి రోజంతా కుర్చీలో కూర్చునే గుమాస్తా ఉద్యోగం, వంగి కాలి బొటనవేలు ముట్టుకోలేని ఒళ్లు. ఇప్పుడు నాకు 54. పదకొండేళ్లుగా తెల్లవారుజామున కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. నా దగ్గరకు వచ్చి మానేసినవాళ్లలో వయసు అడ్డొచ్చి మానేసినవాళ్లు గుర్తుకు రారు. మొదటి నెలలో ఒంటిని అదిలించి, దెబ్బ తగిలించుకుని, ఇక మళ్లీ రానివాళ్లే ఎక్కువ. అందుకే మీ ప్రశ్నల్లో మూడోదానికి, అంటే ఎలాంటి చోట చేరాలి అన్నదానికి, ఎక్కువ చోటిస్తాను. మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

నా మొదటి క్లాసు సంగతి చెప్పాలి. ఆ చోటు పేరు ఇక్కడ అనవసరం. పెద్ద బోర్డు, గోడ నిండా కప్పులు. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు, కట్టేశాను. మూడో వారంలో నేల మీద కూర్చోబెట్టి అరికాళ్లు రెండూ కలిపి, మోకాళ్లు పక్కలకు వాల్చమన్నారు. నా మోకాళ్లు నేలకు జానెడు ఎత్తులో ఆగిపోయాయి. మాస్టారు వెనక నుంచి వచ్చి, నా భుజాలు పట్టుకుని, రెండు తొడల మీద తన పాదాలు మోపి నిలబడ్డారు. గజ్జల దగ్గర పాత గుడ్డ చిరిగినట్టయింది. ఆ తర్వాత ఆరు వారాలు మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకునే ఎక్కాను. ఫీజు వెనక్కి ఇమ్మని వెళ్తే నాకు ఓర్పు లేదన్నారు. ఎనిమిది నెలలపాటు ఆ విద్య మాటే ఎత్తలేదు.

తర్వాత మా ఆఫీసు స్నేహితుడు ఒకాయన పట్టుపట్టి వేరే గురువుగారి దగ్గరకు తీసుకెళ్లాడు. ఒక స్కూలు గ్రౌండు, పదిహేనుమంది, బోర్డు కూడా లేదు. మొదటిరోజు నన్ను కాళ్లు ఎడంగా పెట్టి కొంచెం కూర్చోమన్నారు. ఒక నిమిషం చూసి, నా ముందు గొంతుక్కూర్చుని, చూపుడు వేలితో కుడి మోకాలి లోపలి వైపు ఊరికే తాకారు. "ఇది బొటనవేలి వైపు వాలిపోతోంది బాబూ. చిటికెన వేలి వైపు చూడమని చెప్పు దానికి" అన్నారు. అంతే. నేను మోకాలు సర్దుకోగానే బరువంతా పాదం మధ్యలోకి దిగినట్టు తెలిసింది. అదివరకు మూడు వారాల్లో ఒక్కరు కూడా నా మోకాలు ఎటు చూస్తోందో చూడలేదు.

అందుకని క్లాసు చూడ్డానికి వెళ్లినప్పుడు గురువుగారి ఎగిరి తన్నే తన్నులు చూసి మురిసిపోకండి. ఆయన దగ్గర మూడేళ్లుగా ఉన్న శిష్యుల మోకాళ్లు చూడండి. కూర్చునే భంగిమలో మోకాళ్లు లోపలికి కూలుతున్నాయా, పాదం చూసే వైపే చూస్తున్నాయా? ఎంతమంది మోకాళ్లకు పట్టీలు కట్టుకుని ఉన్నారు? ముప్పై దాటినవాళ్లు ఒకరిద్దరైనా ఉన్నారా? ఆడపిల్లలు నెలలు గడిచినా నిలుస్తున్నారా? అందరికన్నా వెనకబడిన మనిషి ఎవరో కనిపెట్టి, ఆ మనిషితో గురువు ఎలా మాట్లాడుతున్నారో వినండి. రేపు ఆ మనిషి మీరే. బాగా చేసే పిల్లాడితో ఎవరైనా బాగానే మాట్లాడతారు. ఇవన్నీ తెలియాలంటే ఒక్కరోజు చాలదు, రెండు మూడు సార్లు వెళ్లి గట్టు మీద కూర్చోండి. కూర్చుని చూడనివ్వని చోట చేరకండి.

ఇంకో సంగతి. మన ఊళ్లో "కుంగ్‌ఫూ, కరాటే" అని రెండూ కలిపి రాసిన బోర్డులు కనిపిస్తాయి. కరాటే ఒకినావాలో పుట్టి జపాన్‌లో పెరిగిన విద్య, టైక్వాండో కొరియాది. అవి తక్కువవని కాదు, నేర్పేది ఏమిటో మీకు తెలియాలి కదా. తేలిక ఉపాయం ఒకటుంది: లెక్కపెట్టేటప్పుడు వినండి. "ఇచి, ని, సాన్, షి" అంటే జపాన్ లెక్క. "యి, అర్, సాన్, స్సు" అంటే ఉత్తర చైనా మాండరిన్. "యాత్, యీ, సామ్, సేయ్" అంటే దక్షిణాది కాంటనీస్. ఆ తర్వాత గురువుగారినే నేరుగా అడగండి: "ఇది ఏ శైలి అండీ? మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" నిజమైన గురువు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు. తన గురువు, ఆయన గురువు అని రెండు మూడు తరాలు చెప్పుకుంటూ పోతారు. "అన్నీ కలిపి నేనే తయారుచేశాను" అన్నారంటే, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది సరైన చోటు కాదని నా అభిప్రాయం.

ఇక శైలి. చైనాలో ఒక నానుడి ఉంది: దక్షిణాన చేతులు, ఉత్తరాన కాళ్లు. యాంగ్‌జీ నదికి ఉత్తరాన పుట్టిన శైలుల్లో వెడల్పు అడుగులు, ఎత్తుగా లేచే తన్నులు, ఎగరడాలు. దక్షిణాన నిలకడ గట్టిగా, చేతులు దగ్గరగా, వేగంగా. ఉత్తరాదిలో ఎక్కువగా వినపడేవి షావోలిన్, చాంగ్‌చువాన్. దక్షిణాదిలో హుంగ్ గార్, వింగ్ చున్. బ్రూస్ లీ కుర్రతనంలో హాంకాంగ్‌లో ఇప్ మాన్ అనే గురువు దగ్గర నేర్చుకున్నది వింగ్ చునే. తాయ్‌చీ కూడా యుద్ధవిద్యే. మెల్లగా చేస్తారని ముసలివాళ్ల వ్యాయామం అనుకుంటారు గానీ, దాని పుట్టిల్లు హెనాన్ రాష్ట్రంలోని చెన్ వంశంవాళ్ల ఊరు, వాళ్లు పోరాటానికే సాధన చేశారు. ఇప్పుడు పార్కుల్లో ఎక్కువగా కనిపించే 24 కదలికల వరుస 1956లో చైనా ప్రభుత్వ క్రీడాశాఖ అందరికీ అందేలా కుదించి తయారుచేసింది. వూషు అనేది నిజానికి చైనా యుద్ధవిద్యలన్నిటికీ కలిపి వాడే మాట. పోటీల్లో మాత్రం దానిలో రెండు దారులు: ఒకటి విన్యాసాల ప్రదర్శన, రెండోది సాందా అనే ఎదురెదురు పోరు.

మీ మోకాలి దృష్ట్యా ఒక హెచ్చరిక. ఎగిరే తన్నులు లేవు కదా, వింగ్ చున్ తేలిక అని చాలామంది చెబుతారు. దానిలో మొదట నేర్పే నిలకడలో పాదాల వేళ్లు లోపలికి తిప్పి, మోకాళ్లు దగ్గరికి తెచ్చి నిలబడాలి. ఆ తిప్పడం తుంటి కీలు నుంచి రావాలి. నేర్పేవారికి ఆ తేడా తెలియకపోతే మోకాలినే మెలితిప్పించేస్తారు. తాయ్‌చీలోనూ అదే ప్రమాదం. బరువంతా ఒక కాలి మీద ఉండగా ఆ కాలినే తిప్పితే మోకాలి లోపల నలుగుతుంది. కాబట్టి శైలి పేరు చూసి ఇది భద్రం, అది కాదు అనుకోవద్దు. మంచి గురువు దగ్గర షావోలిన్ అయినా తన్ను నడుం ఎత్తు దగ్గరే ఆపి నేర్పుతారు. మీ ఇంటికి దగ్గరలో ఏ శైలి మంచి గురువు ఉంటే ఆ శైలే మీ శైలి. కూర్మన్నపాలెం నుంచి ఎంవీపీ కాలనీ అంటే 20 కిలోమీటర్ల పైమాటే, మధ్యలో ఎన్ఏడీ కూడలి దాటాలి. షిఫ్టు డ్యూటీ మనిషికి అది రెండు నెలలు కూడా సాగదు. గాజువాక, ఉక్కునగరం వైపు ముందు వెతకండి.

చేరేముందు ఎముకల డాక్టరుకు ఒకసారి మోకాలు చూపించుకోండి. "గొంతుక్కూర్చోవడం, ఒంటికాలి మీద తిరగడం చేయవచ్చా?" అని ఆ మాటల్లోనే అడగండి. "వ్యాయామం చేయవచ్చా" అంటే "చేయండి" అనే చెబుతారు, దానివల్ల మీకు ఏమీ తెలియదు.

ఇప్పుడు మొదటి మూడు నెలలు ఏం జరుగుతుందో చెబుతాను. ముందు నమస్కారం. కుడిచేయి పిడికిలి, దాని ముందు తెరిచిన ఎడమ అరచేయి, బొటనవేలు మడిచి. బలాన్ని మర్యాద ఆపుతోంది అని దానికి చెప్పే అర్థాల్లో ఒకటి. తర్వాత హార్స్ స్టాన్స్, చైనీయుల మాటలో మా బు. గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చోవాలి, కింద గుర్రం ఉండదు. మీ పాదం పొడవుకు మూడింతలు ఎడం. పాదాలు నేరుగా ముందుకు. వీపు నిటారుగా, తోక ఎముక కిందికి దింపి, పిడికిళ్లు నడుం దగ్గర అరచేతి వైపు పైకి. తొడలు నేలకు సమాంతరంగా రావాలని పుస్తకం చెబుతుంది. మీరు దాని జోలికి పోకండి. ఎత్తయిన కుర్చీ అంచున కూర్చున్నంత చాలు. మొదటి వారం 20 సెకన్లు, లేచి విశ్రాంతి, మళ్లీ 20 సెకన్లు, ఇలా అయిదుసార్లు. మూడు నెలలకు ఏకధాటిగా రెండు నిమిషాలు నిలబడగలిగితే చాలా బాగా వచ్చినట్టు.

పదిహేనో సెకను నుంచి తొడలు మండుతాయి. తర్వాత వణుకుతాయి. అది మంచిదే, కండరం పనిచేస్తోందని గుర్తు. మోకాలిచిప్ప కింద గానీ, మోకాలి లోపలి పక్కన గానీ సూది గుచ్చినట్టు ఉంటే అది వేరే. అప్పుడు వెంటనే లేవండి, ఎవరేమన్నా సరే. ఈ రెండు నొప్పుల తేడా మీ ఒంటికి తెలియడమే మొదటి నెల చదువు. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లకు, ఎముకను ఎముకకు కట్టే లిగమెంట్లకు రక్తసరఫరా తక్కువ, వాటికి నెలలు పడుతుంది. రెండో నెలలో "నాకు బలం వచ్చేసింది" అనిపించి దూకుతాం చూడండి, దెబ్బలు తగిలేది అప్పుడే. మనవాళ్లు "నరం పట్టేసింది" అంటారే, చాలాసార్లు అది ఈ టెండనే.

మా బు తర్వాత ముందుకాలు వంచి వెనకకాలు చాపే గుంగ్ బు, బరువంతా వెనకకాలి మీద వేసే షు బు, ఒక కాలి మీద పూర్తిగా కూర్చుని రెండోది పక్కకు చాపే పు బు, కాళ్లు మెలివేసి కూర్చునే షియె బు. ఈ అయిదూ కలిపి ఉత్తరాది శైలులు నేర్పే చోట్ల వు బు చువాన్ అనే చిన్న వరుస నేర్పుతారు, అయిదు అడుగుల పిడికిలి అని అర్థం. చివరి రెండూ మీ మోకాలికి బరువైనవి. గురువుగారికి ముందే చెప్పండి, సగం దాకా చేయిస్తారు. చేయించకపోతే మీరే సగం దాకా చేయండి.

పిడికిలి పట్టడం కూడా నేర్చుకోవాలి. వేళ్లు గట్టిగా ముడిచి, బొటనవేలు బయట, చూపుడు వేలు, మధ్యవేలు మీద అడ్డంగా. బొటనవేలు లోపల పెట్టి గుద్దితే అది విరుగుతుంది. మణికట్టు వంగకూడదు. పిడికిలి పోటు భుజం నుంచి వస్తుందని అందరూ అనుకుంటారు. అది ఎక్కడి నుంచి వస్తుందో చూడాలంటే పెదజాలరిపేట వైపు తెల్లవారి వెళ్లి, ఒడ్డున విసురువల వేసే మనిషిని చూడండి. వల కొంత మోచేతి మీద, కొంత భుజం మీద, అంచు పళ్ల మధ్య. వెనకకాలు ఇసుకలో నాటుకుంటుంది. నడుం ఒకసారి వెనక్కి తిరిగి, మడమ నుంచి లేచిన తిప్పు తుంటికి, తుంటి నుంచి వీపుకి, చివరికి చేతికి వస్తుంది. చేయి చివరన ఊరికే విడిచిపెడుతుంది, వల గొడుగులా విచ్చుకుంటుంది. చేతి బలంతో విసిరితే వల ముద్దగా పడుతుంది. కుంగ్‌ఫూలో పోటు అచ్చంగా ఇదే. మా గురువుగారు నాలుగు నెలలు చెప్పినా నాకు ఎక్కలేదు, ఒక ఉదయం ఆ ఒడ్డున అరగంట కూర్చున్నాక ఎక్కింది. ఇప్పుడు నా దగ్గరకు వచ్చినవాళ్లందరినీ అక్కడికి పంపుతాను.

ఒళ్లు వంగడం గురించి. చల్లగా ఉన్న ఒంటిని సాగదీయకూడదు. ముందు పదిహేను నిమిషాలు నడక, మెల్లని పరుగు, కీళ్లు తిప్పడం, కాళ్లు ఊపడం. చెమట పట్టాక అసలు సాధన. అంతా అయ్యాక, ఒళ్లు వేడిగా ఉండగానే, నిదానంగా వంగి ఒక్కోచోట 30 సెకన్లు ఆగండి. ఇంకొకరి చేత నొక్కించుకోవద్దు. కాళ్లు రెండు పక్కలా పూర్తిగా చాపి నేలకు ఆనించే భంగిమ మీకు ఎప్పటికీ రాకపోయినా కుంగ్‌ఫూ వస్తుంది. తుంటి ఎముకల నిర్మాణమే కొందరికి అలా ఉండదు.

మీ షిఫ్టుల విషయం. వారానికి మూడురోజులు క్లాసు, మిగతా రోజుల్లో ఇంటి మేడ మీద పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల వల్లే విద్య వస్తుంది. నైట్ షిఫ్టు దిగి నేరుగా క్లాసుకు రాకండి, నిద్రలేని ఒంటికి కాలు ఎక్కడ పడుతోందో సరిగా తెలియదు. ముందు పడుకుని లేచి, సాయంత్రం ఇంట్లో నిలకడలు చేసుకోండి. మేడ మీద సిమెంటు నేల కాబట్టి ఎగరడం వద్దు, నిలకడలు, చేతులు మాత్రమే. బీచ్‌లో చేయాలని అందరికీ ఉంటుంది. మెత్తటి ఇసుకలో నడక, నిలకడ బాగుంటాయి, కానీ ఒంటికాలి మీద తిరిగే తన్నులు అక్కడ చేయకండి. పాదం ఇసుకలో కూరుకుని ఆగిపోతుంది, పై ఒళ్లు తిరుగుతుంది, మధ్యలో మోకాలు బలైపోతుంది. అలలు వెనక్కి తగ్గినప్పుడు తడిసి గట్టిపడిన ఇసుక కొంత నయం. సాధన అయ్యాక చెమట కడుక్కుందామని నీళ్లలోకి మాత్రం దిగకండి. మన తీరంలో ఒడ్డు పక్కనే లోతు, వెనక్కి లాగేసే అల. ఈతగాళ్లనే తీసుకుపోయింది.

మన ఊరి ఉక్క మీకు తెలిసిందే. మార్చి దాటాక ఉదయం ఏడున్నర తర్వాత బయట సాధన కష్టం. గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అయిదున్నరకి మొదలుపెట్టి ఏడులోపు ముగించే క్లాసు చూసుకోండి. మధ్యలో నీళ్లు తాగనివ్వని పాత పద్ధతి కొన్నిచోట్ల ఇంకా ఉంది, దాన్ని ఓర్పు అంటారు. అది ప్రమాదం. వెళ్లేముందు ఒక అరటిపండు, వచ్చాక ఉప్పేసిన మజ్జిగ గానీ చోడంబలి (రాగి అంబలి) గానీ. భోజనం చేస్తే రెండు గంటలైనా ఆగాలి. కొత్తగా కొనాల్సింది పెద్దగా ఏమీ లేదు. వదులైన ప్యాంటు, పలచటి అడుగున్న క్యాన్వాస్ బూట్లు చాలు, స్కూలు పిల్లలు పీటీకి వేసుకునే తెల్ల బూట్లయినా ఫర్వాలేదు. లావు అడుగున్న రన్నింగ్ షూ వద్దు, నేల తెలియదు. ఎదురెదురు సాధన మొదలైన రోజు మాత్రం పళ్లకు మౌత్‌గార్డు ముందు కొనండి, గ్లవ్స్ ఆ తర్వాత.

బెల్టుల గురించి కూడా అడుగుతారు. సంప్రదాయ కుంగ్‌ఫూలో రంగుల బెల్టులు లేవు. అవి జపాన్ జూడో నుంచి వచ్చాయి. చైనాలో దువాన్ అనే తొమ్మిది మెట్ల పద్ధతి పెట్టిందే 1990ల చివర్లో. ఇప్పుడు చాలా బళ్లలో పిల్లల ఉత్సాహం కోసం రంగుల పట్టీలు ఇస్తున్నారు, ఇస్తే తప్పు లేదు. రెండు నెలలకో పరీక్ష, పరీక్షకో ఫీజు, ఇన్ని నెలలకు బ్లాక్ బెల్టు అని ముందే హామీ ఇస్తే అది వ్యాపారం. ఫీజు నెలనెలా కట్టండి. ఏడాదిది ఒకేసారి కట్టించుకునే చోట మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం, అంటే మానేసే స్వేచ్ఛ, మొదటిరోజే వదులుకున్నట్టు. సర్టిఫికెట్ చూపించి స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందని ఆశపెడితే, ఆ పోటీకి గుర్తింపు ఉందో లేదో జిల్లా క్రీడా కార్యాలయంలో మీరే అడిగి తెలుసుకోండి.

బడిలో వరసలు కూడా ఉంటాయి, అవి మీకు నచ్చుతాయి. కాంటనీస్‌లో గురువును సీఫూ అంటారు, ఆ మాటలో గురువు, తండ్రి ఇద్దరూ ఉన్నారు. ముందు చేరినవాళ్లు అన్నలు, అక్కలు. సీహింగ్, సీజే అని పిలుస్తారు. వయసుతో సంబంధం లేదు, ఎవరు ముందు చేరారన్నదే లెక్క. నేను చేరినప్పుడు నాకు అక్క, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి. ఆమె నన్ను అంకుల్ అనేది, నేను ఆమెను అక్కా అనేవాణ్ని. నా గుంగ్ బులో వెనక మడమ లేచిపోతుంటే ఆమె వచ్చి తన బూటు కొనతో మెల్లగా తట్టేది. ఏడాదిపాటు తట్టింది. ఇప్పటికీ ఆ అడుగు వేస్తే మడమ దానంతటదే దిగుతుంది. మీకన్నా చిన్నవాళ్లు దిద్దినప్పుడు మనసు చిన్నబుచ్చుకోకుండా ఉంటే మీ చదువు వేగంగా సాగుతుంది.

అమ్మాయి విషయానికి వస్తే, తొమ్మిదేళ్లు మంచి వయసు. పిల్లల క్లాసు పెద్దలది కాకుండా విడిగా ఉండాలి, సగం ఆటలా ఉండాలి. నేను ఎంతమాత్రం రాజీపడనివి చెబుతాను. తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చినా కూర్చుని చూడనివ్వాలి. ఆడపిల్లలున్న క్లాసులో పెద్ద వయసు సీనియర్ ఆడమనిషి ఒకరైనా ఉండాలి. బెత్తం కనిపిస్తే ఆ రోజే తీసుకొచ్చేయండి. తలకు దెబ్బలు తగిలే పోరు ఆ వయసులో వద్దు. పిడికిళ్లను గోడకేసి, ఇసుక సంచికేసి కొట్టి గట్టిపరచడం అసలే వద్దు, పెరుగుతున్న ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి. ఆమెకు చెప్పడానికి ఒక పేరు కూడా ఇస్తాను. మణిపూర్ అమ్మాయి నవోరెం రోషిబినా దేవి, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో సాందాలో కాంస్యం గెలిచింది. 2023లో హాంగ్‌జౌలో అదే 60 కిలోల విభాగంలో ఫైనల్ దాకా వెళ్లి, చైనా గడ్డ మీద వెండి పతకం తెచ్చింది.

ఆత్మరక్షణకు పనికొస్తుందా అని మీరు అడగలేదు గానీ అందరి మనసులోనూ ఉంటుంది. ఏడాదిలో పనికొస్తుందని నమ్మకండి. గాలిలో వరుసలు మాత్రమే చేయించి, ఎదుటి మనిషి చేయి ఎప్పుడూ తగలనివ్వని చోట పదేళ్లున్నా పనికిరాదు. ఆరేడు నెలలకైనా జంటలుగా నిలబెట్టి, నెమ్మదిగా, అదుపులో చేయించాలి. కొత్తవాళ్లను మొదటి నెలలోనే సీనియర్ల చేత కొట్టించే చోటు అంతకన్నా చెడ్డది. కత్తి తీసినవాడి దగ్గర నుంచి పరుగెత్తమనే మా గురువుగారు నేర్పారు, నేనూ అదే నేర్పుతాను.

ఇంకొక్కటి, ఎలాగూ ఎవరో ఒకరు మీతో అంటారు కాబట్టి. కుంగ్‌ఫూను చైనాకు తీసుకెళ్లింది మన దేశం నుంచి వెళ్లిన బౌద్ధ భిక్షువు బోధిధర్ముడేనని. షావోలిన్ మఠం 495లో కట్టించింది భారతదేశం నుంచి వెళ్లిన బతువో అనే మరో భిక్షువు కోసం. అక్కడి భిక్షువులు 621లో యుద్ధంలో పాల్గొన్న సంగతి 728 నాటి శిలాశాసనంలో ఉంది. బోధిధర్ముడు వ్యాయామాలు నేర్పాడన్న కథ మాత్రం ఆయన కాలానికి వెయ్యేళ్ల తర్వాత, పదిహేడో శతాబ్దపు పుస్తకంలో కనిపిస్తుంది. మన పాత బౌద్ధారామాలున్న బావికొండ మీదో తొట్లకొండ మీదో నిలబడి సముద్రం వైపు చూస్తే ఆ కథ నమ్మాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ మన గొప్పకు ఆ కథ అక్కర్లేదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామం నేర్పిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు విగ్రహం బీచ్ రోడ్డులోనే ఉంది. మన తాలింఖానాల (పాతకాలపు వ్యాయామశాలల) కర్రసాము ఇంకా బతికే ఉంది. కుంగ్‌ఫూ కర్ర చేతికి వచ్చాక మన సాముకర్ర పట్టిన పెద్దవాళ్లెవరైనా కనిపిస్తే వెళ్లి దండం పెట్టి చూపించమనండి. మణికట్టు తిప్పడంలో రెంటికీ ఎంత దగ్గరితనమో మీకే తెలుస్తుంది. ఆలోగా కాళ్ల బలానికి రోజూ పది బస్కీలు చాలు, అవీ సగం దాకానే.

డాక్టరు మాట విన్నాక, వచ్చే వీక్లీ ఆఫ్ రోజు తెల్లవారి అయిదున్నరకు మీ దగ్గరలోని క్లాసుకు వెళ్లండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. గట్టు మీద కూర్చున్నాక ఆమెను ఏమీ అడగకండి. క్లాసు అయ్యి ఇంటికి వచ్చే దారిలో, అక్కడ అందరికన్నా వెనకబడినవాళ్లు ఎవరు, వాళ్లతో మాస్టారు ఏమన్నారు అని అడగండి. పిల్లలు మనకన్నా బాగా చూస్తారు. ఆమె చెప్పింది, డాక్టరు చెప్పింది రెండూ నాకు రాయండి. మూడు నెలల వరకు రోజూ ఏం చేయాలో మీ షిఫ్టులకు సరిపోయేలా రాసిస్తాను.